రైలు లేని ఊరికి స్టేషను

గత సంక్రాంతి పండుగకు మా వీథిలోని యొక యింట బొమ్మల కొలువు చూడబోతిని. మెట్ల మీద ఏటేట నుండు దేవతలు, కొండపల్లి దశావతారములు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, పెండ్లివారు, కూరగాయల యంగడి అన్నియు తమతమ చోట్ల నున్నవి. క్రింద నేలమీద మాత్రము క్రొత్త సంగతి యొకటి కనబడెను. మెట్ల చుట్టును పట్టాలు పరచి, బ్యాటరీతో నడచు చిన్న రైలును తిప్పుచున్నాడు మన యేడవ తరగతి విద్యార్థి యొకడు. పట్టాల ప్రక్కన, ఒకదానిలో నొకటి బిగియు ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన యెర్రని స్టేషను. దానికి నిటారైన పైకప్పు, కప్పుమీద పొగగొట్టము, ద్వారము పైని ఇంగ్లీషు అక్షరములలో మన ఊరి పేరు.

మామ్మగారు కండ్లజోడు సవరించుకొని చూచి, “ఏరా, టిక్కెట్లిచ్చేచోట పొయ్యి ఎందుకురా? స్టేషను మాస్టరుగారు అక్కడే వంట చేసుకుంటారా?” అని యడిగిరి. పిల్లవాడు డబ్బా మీది బొమ్మను చూపి, “ఇందులో ఇలాగే ఉంది మామ్మా” అనెను. అందరును నవ్విరి. వాని తండ్రిగారు మాత్రము నవ్వలేదు. “రైలే లేని ఊరికి స్టేషనేమిటండీ మాస్టారూ! పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. మీరైనా నాలుగు చీవాట్లు పెట్టండి” అనిరి.

నేను చీవాట్లు పెట్టలేదు. అట్లని పిల్లవాని పక్షమున మాటలాడను లేదు. పండుగ పూట వాదమెందుకని శనగలు చేతబట్టుకొని యింటికి వచ్చితిని. తరువాత నా మౌనము నాకే బాగుగ తోచలేదు. ఆ తండ్రిగారు వేసిన ప్రశ్న మన ఊరిలో మరి కొందరు తల్లిదండ్రుల మనస్సులలోను ఉన్నదని యెరుగుదును. అందుచేత ఆనాడు చెప్పవలసిన సమాధానమును ఈ పత్రికలో వ్రాయుచున్నాను.

రైలు లేని ఊరన్నమాట నిజమే. పుదుచ్చేరికి 1879లోనే, ఫ్రెంచివారి యేలుబడియందే, విళుప్పురము నుండి రైలు వచ్చినది. కారైక్కాలుకు స్టేషను కలదు. మాహె పేరుగల స్టేషను, అది నిలిచిన నేల కేరళదైనను, కలదు. నాలుగు ప్రాంతములలో మన ఊరి పేరొక్కటియే రైల్వే పసుపు పలకమీద కెక్కలేదు. మనకు చేరువగా నున్నది కాకినాడ–కోటిపల్లి దారి. దాని కథ మన పిల్లలలో నెందరికి తెలియునో! 1928లో వేసిన ఆ 45 కిలోమీటర్ల దారిని 1940లో, రెండవ ప్రపంచయుద్ధ కాలమున, ఊడదీసిరి; పట్టాల యినుము యుద్ధమునకు పోయినది. మరల పట్టాలు పడినది 2004లో. నడుమ అరువది నాలుగేండ్లు. కరపలోను, రామచంద్రపురములోను, ద్రాక్షారామములోను తాతగారెక్కిన రైలును తండ్రి కనులజూడలేదు, మనుమడు చూచెను. కోటిపల్లి నుండి కోనసీమ మీదుగా నరసాపురమునకు పోవలసిన దారికొరకు గోదావరి పాయలలో స్తంభములు లేచినవి. ఉన్న రైలు పోవుటయు, పోయిన రైలు వచ్చుటయు మన కండ్ల యెదుటనే జరిగినవి గనుక, లేదను మాటను అంత గట్టిగా పలుకనక్కరలేదు.

అయినను నా సమాధానము రాబోవు రైలునుబట్టి కాదు. రైలు వచ్చినను రాకున్నను ఆ స్టేషను కట్టదగినదే యని నా యభిప్రాయము. కాని వాడు కట్టిన తీరున కాదు. మామ్మగారి ప్రశ్నలో నున్న తెలివి తండ్రిగారి ప్రశ్నలో లేకపోయినది. ఆమె “ఎందుకు కట్టావు” అని యడుగలేదు; “ఇది ఇక్కడ ఎందుకుంది” అని యడిగినది. దారిప్రక్క కట్టడములను గూర్చి యడుగవలసిన ప్రశ్న అదియే.

బొమ్మ రైలును ఎవరును చేయరు, కొందురు. పట్టాలును కొనబడునవే. మీట నొక్కిన తిరుగును, విడిచిన ఆగును. దానియందు పిల్లవాని పాలు వ్రేలి కొన మాత్రమే. స్టేషను, ప్లాట్‌ఫారము, గేటుగది, తూము, కాలువమీది వంతెన, గూడ్సు షెడ్డు, ఇవి అట్లు కావు. వీనిని కట్టవలెను. కట్టుటకు ముందు చూడవలెను. రైలు లోకమంతట నించుమించు ఒక్క తీరుగనే యుండును. దారిప్రక్క నుండునవి మాత్రము ఏ ఊరివి ఆ ఊరివే. కిటికీలోనుండి చూచు ప్రయాణికునకు ఊరు మారినదని తెలియుట వానినిబట్టియే గదా.

ఇటుకలతో పిల్లలకు చదువు చెప్పవచ్చునను తలంపు నేటిది కాదు. 1837లో జర్మనీలో శిశు విద్యాలయమును స్థాపించిన ఫ్రోబెల్ పండితుడు పిల్లల చేతికి వరుసగా నిచ్చిన ‘కానుకల’లో నాల్గవది ఇటుక యాకారముగల యెనిమిది చెక్కముక్కలు. డెన్మార్కులోని బిల్లుండ్ గ్రామమున ఒక వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చేయనారంభించెను; ఆ సంస్థయే లెగో. నేడు మనమెరిగిన బిగియు ఇటుకకు వారు 1958 జనవరి 28న పేటెంటు కోరిరి, 1966లో దానికి తోడుగా రైలును తెచ్చిరి. ఎనిమిదేసి బుడిపెలుగల ఒకే రంగు ఇటుకలు ఆరింటిని కలుపుటకు 91,51,03,765 విధములు కలవని గణితజ్ఞులు లెక్కించిరి. తొంబదియొక కోట్ల విధములు! మన పిల్లవాడు వందల యిటుకలను ముందుంచుకొని ఒక్క విధముననే కట్టినాడు, డబ్బా మీది విధమున. నాకు కష్టమనిపించినది అదియే గాని, వాడు పుస్తకము మూసి కూర్చుండుట కాదు.

ఆ పొగగొట్టము చలిదేశపు స్టేషనుకు కావలసినదే. అచ్చట ప్రయాణికులు రైలు వచ్చువరకు లోపల నిప్పు ప్రక్కన కూర్చుందురు. మనకు కావలసినది నిప్పు కాదు, నీడ. మన స్టేషనుకు గోడలకంటె చూరు ముఖ్యము. ఎండకును, వంపుగా కొట్టు వానకును అడ్డముగ చూరు ముందుకు రావలెను. దానిని మోయుటకు స్తంభములు కావలెను. గోడలో గాలి యాడుటకు సందులుండవలెను. పెంకులు గూన పెంకులా, బెంగుళూరు పెంకులా అన్నదికూడ చూచి వేయవలసినదే. ఈ మాటలు నేను చెప్పలేదు. పండుగ తరువాత ఆ పిల్లవానిని పిలిచి, “మీ మామ్మగారి యింటి అరుగు మీద మధ్యాహ్నము కూర్చుండి, నీడ ఎంతవరకు వచ్చునో చూచి రమ్ము” అని మాత్రము చెప్పితిని. మూడవనాటికి పొగగొట్టము తీసివేసి చూరు ముందుకు జరిపినాడు. చూరు విరిగి పడెను. స్తంభములు పెట్టెను. నిలిచెను.

తరువాత కొలతలు వచ్చినవి. నేను తెలుగు చెప్పువాడను గనుక ఈ లెక్కలో తోటి గణితోపాధ్యాయుల సహాయము తీసికొంటిని. మన దేశపు పెద్ద పట్టాల నడిమి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ఈ ఇటుకలతో కలిసివచ్చు బొమ్మ పట్టాల నడిమి వెడల్పు సుమారు 38. దీనితో దానిని భాగించిన 44 వచ్చును. అనగా బొమ్మలో నొక అంగుళము నేలమీద నలువది నాలుగంగుళములు. ఇంత తెలిసిన తరువాత పిల్లలకు పిచ్చి పట్టినట్లయినది. ఇటుకమీది ఒక బుడిపె నుండి మరియొక బుడిపెకు 8 మిల్లీమీటర్లు, నేలమీద నది 35 సెంటీమీటర్లు. నాలుగు సెంటీమీటర్ల బొమ్మమనిషి నిలువెత్తున 176 సెంటీమీటర్ల మనిషి. ఎత్తైన ప్లాట్‌ఫారము పట్టామీది నుండి 760 మొదలు 840 మిల్లీమీటర్ల వరకు నుండవలెనని రైల్వేవారి నిబంధన. చిన్న చోట్ల నుండు పల్లపు ప్లాట్‌ఫారము 455కు మించరాదు. ఇటుక యెత్తు 9.6 మిల్లీమీటర్లు; దానిని 44చే గుణించిన 422. కాబట్టి పట్టామీదికి ఒక యిటుక యెత్తు లేచినచో అది చిన్న హాల్టు, రెండిటుకలు లేచినచో పెద్ద స్టేషను. మనవాడు కట్టినది ఐదిటుకలు. ఆ ప్లాట్‌ఫారము మీద నిలిచిన ముసలమ్మ రైలెక్కవలెనన్న రెండు మీటర్ల యెత్తునుండి క్రిందికి దుమకవలెను!

కొలత పట్టిన పిల్లవానికి కొలతకు లొంగని సంగతులును తెలియును. నేటి రైలుపెట్టె పొడవు సుమారు ఇరువది మూడున్నర మీటర్లు. బొమ్మలో అది 53 సెంటీమీటర్లు కావలెను. డబ్బాలో వచ్చిన పెట్టె అందులో సగము కూడ లేదు. గేటు రాబోవుచున్నది, ఈల వేయుమని డ్రైవరుకు చెప్పు పసుపు పలకను గేటుకు 600 మీటర్ల ముందు నాటుదురు. మన కొలతలో నది పదమూడున్నర మీటర్లు, తరగతిగది దాటి వరండాలోనికి పోవును. రాజమహేంద్రవరపు విల్లుల వంతెనలో ఒక్కొక్క విల్లు 97.55 మీటర్లు, అట్టివి 28. మన నేలమీద విల్లొకటి రెండు మీటర్ల పైచిలుకు, వంతెన మొత్తము అరువది రెండు మీటర్లు. కాకినాడ నుండి కోటిపల్లి దారి యంతయు వేయుదమన్న కిలోమీటరు కావలెను. ఏది కుదింపవలెను, ఏది కుదింపరాదు అని వారు వాదించుకొనుచుండగా నేను విన్నాను. ఒక బాలిక, “ప్లాట్‌ఫారం పొడుగు తగ్గించొచ్చు గాని ఎత్తు తగ్గించకూడదు, మనుషులు పడిపోతారు” అనెను. వ్యాసరచన తరగతిలో ఇంత చక్కగా కారణము చెప్పిన వాక్యము ఆ పిల్ల నాకెన్నడును వ్రాసి యీయలేదు.

రాజమహేంద్రవరము పేరు వచ్చినది గనుక ఒక మాట. నేను అచ్చట ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన దినములలో సాయంకాలములు గోదావరి గట్టున కూర్చుండి, 1900లో తెరచి 1997లో రైళ్లు ఆపివేసిన పాత వంతెన ఖానాలను లెక్కపెట్టుచుండెడివారము. నలుగురము లెక్కించిన నాలుగు లెక్కలు వచ్చెడివి. నిజమునకవి 56. చిన్ననాట ఎన్ని మారులు ఆ వంతెనమీద రైలులో పోయినానో, ఒక్కసారియు దానిని చూడలేదు. నదిలో చిల్లర వేయు తొందర. రైలు నడువని వంతెనను చూచినప్పుడే రాతిస్తంభము నీటికి ఎదురొడ్డి యెట్లు నిలిచినదో కనబడెను.

నీటి మాట మన ప్రాంతమున ముఖ్యము. పిల్లలు పట్టాలకొరకు చక్కని కట్ట వేసిరి, ఇటుకలమీద ఇటుకలు, ఒక్క సందు లేకుండ. “వాన పడిన ఈవలి నీరు ఆవలికెట్లు పోవును?” అని యడిగితిని. సమాధానము లేదు. గౌతమి యొడ్డున పుట్టిన పిల్లలు! 1996 నవంబరు తుపానును తల్లులు నేటికిని మరువలేదు. 2022 జూలై వరదలో మన పల్లపు వీథులలో నిలిచిన నీరు ఈ పిల్లలే చూచినారు. డెల్టా భూమిలో రైలుకట్ట యన్నది నీటికి అడ్డముగా వేసిన గోడ. దానికి తూములు పెట్టకపోయిన ఒకవైపు చేను మునుగును, నీరు బలిసిన కట్టయే తెగును. 2005 అక్టోబరు 29వ తేదీ తెల్లవారుజామున నల్గొండ జిల్లా వలిగొండ వద్ద జరిగినది ఇట్టిదే. చెరువు తెగి వచ్చిన నీరు రైలుదారి క్రింది నేలను కోసికొనిపోయినది; పట్టాలు గాలిలో వ్రేలాడుచుండగా డెల్టా ప్యాసింజరు వచ్చి పడెను. వందమందికి పైగా ప్రాణములు పోయినవి. ఆ రైలు ఇంజనులో లోపము లేదు, పెట్టెలలో లోపము లేదు. ప్రయాణికుడెన్నడును తలయెత్తి చూడని చిన్న కట్టడముమీద అంత బరువు నిలిచియున్నది.

ఈ సంగతి చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమయ్యెను. మరునాటికి కట్టలో ఏడు తూములు వెలిసినవి. ఏడు ఎక్కువే, కట్ట జల్లెడవలె నయ్యెను, నేనేమియు ననలేదు. కట్టమీద కూజాతో నీరు పోసి పరీక్షించుటకు ఒకడు సిద్ధపడగా మాత్రము ఆపవలసివచ్చెను, బ్యాటరీ పాడగునని.

గోడ కట్టుటలోను ఇట్లే యొక పాఠము కలదు. పిల్లలు మొదట ఇటుకమీద ఇటుకను సరిగ్గా నిలువు వరుసలుగ పేర్చిరి. చూచుటకు ముచ్చటగా నున్నది. బల్ల కదలినంతనే స్తంభములు స్తంభములుగా విడిపోయినది. మన ఊరిలో ఇల్లు కట్టుచున్న చోటెక్కడనైన నిలిచి తాపీ మేస్త్రి పనిని పది నిమిషములు చూచిన, క్రింది వరుస అతుకుమీద పై వరుస అతుకు పడనీయడని తెలియును. ఒక తండ్రిగారు తాపీ మేస్త్రి. ఆయనను బడికి రమ్మని కోరితిమి. వచ్చి, ప్లాస్టిక్ ఇటుకలను చేతబట్టి చూచి నవ్వి, అర్ధగంటలో మూలలు తిప్పుట, కిటికీపైని దూలము నిలుపుట నేర్పి పోయిరి. ఆయన కుమారుడు ఆ దినమంతయు తల యెత్తుకొని తిరిగెను. వాడు లెక్కలలో వెనుకబడినవాడు. ఆ వారమంతయు తరగతికి వాడే మేస్త్రి.

ఇక పేరు పలక. ఇది నా పాలి సంగతి గనుక కొంత విస్తరించి వ్రాయుదును. పిల్లవాడు ఊరి పేరును ఇంగ్లీషులో నెందుకు వ్రాసెనని మొదట నేను నొచ్చుకొంటిని. తెలుగు బడిలో చదువుచు, తెలుగు మాటలాడు ఊరి పేరును! వానినడిగితిని. వాడు చెప్పిన కారణము విని నా నొప్పి సగము తగ్గెను: “ఇంగ్లీషక్షరాలు గీతలండి, ఇటుకలతో వచ్చేస్తాయి. తెలుగక్షరాలు గుండ్రం కదండి, రావండి.” వానికి భాషమీద తిరస్కారము లేదు. చేతిలోని సాధనము ఒక లిపికి లొంగినది, ఇంకొక దానికి లొంగలేదు. చిన్నచూపుకంటె ఇదియే నాకు పెద్ద భయముగ తోచుచున్నది. తిరస్కరించువానితో వాదింపవచ్చును, “రాదండి” అని యూరకున్నవానితో నేమి వాదింతుము? తెలుగు ఎన్ని చోట్ల ఇట్లే, ఎవరి ద్వేషమును లేకుండ, “రాదు” అను నొక్క మాటతో ప్రక్కకు జరిగినదో! 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా శాసనము యానాములో తెలుగునకు చోటు చూపినది. శాసనము చోటు చూపవచ్చును గాని పలకమీద అక్షరమును కూర్చవలసినది చేతులు.

రైల్వే పలకలమీద ప్రాంతభాష, హిందీ, ఇంగ్లీషు మూడును ఉండును. పసుపు నేల, నల్లని యక్షరములు, క్రింద సముద్రమట్టమునకు ఎత్తు. కాకినాడ స్టేషనులో వెలుగు దీపములతో రైళ్ల పేర్లు చూపు పలకను మీరందరును చూచియుందురు. దానిలో తెలుగు వచ్చుటలేదా? ఆ యక్షరములన్నియు చుక్కలే. చుక్కలు దగ్గర దగ్గరగా నుంచిన గుండ్రము దానంతట నదియే వచ్చును. ఇది మన యిండ్ల ముంగిళ్లలో ప్రతి ఉదయమును జరుగుచున్నదే గదా! ముగ్గు వేయు తల్లికి చుక్కలనుండి వంపు తీయుట యెవరు నేర్పవలెను? ఆ పిల్లవాని తల్లిగారే గళ్ల కాగితముమీద పదునారు వరుసల చుక్కలు పెట్టి ‘యానాం’ అను మాటను గీసియిచ్చిరి. ‘నా’ సులభముగనే వచ్చినది. ‘యా’ మూడు మారులు చెరిపినారు. ఒక్కొక్క గడికి ఒక్కొక్క చిన్న బిళ్ల చొప్పున పిల్లలు దానిని పలకపై బిగించుచున్నారు.

కొలత ప్రకారమిది తప్పే. పదునారు గళ్ల యక్షరము నేలమీద ఐదున్నర మీటర్ల యెత్తగును. అట్టి పలక దేశములో నుండదు. కావున ప్లాట్‌ఫారము మీదికి కాగితముపై వ్రాసిన చిన్న పలకను నిలిపి, ఈ పెద్దదానిని బల్ల ముందు భాగమున నిలుపుటకు నిశ్చయించిరి. కొలతవాదులైన ఇద్దరు విద్యార్థులు ఇప్పటికిని ఒప్పుకొనలేదు.

తల్లిదండ్రులకు రెండు మూడు మాటలు. ఈ ఇటుకల పెద్ద డబ్బాలు వేలకు వేలు ధర పలుకుచున్నవి. వానిని కొనుడని నేను చెప్పుట లేదు, కొనవలదనియే చెప్పుదును. ఒక్కొక్క యింట మూలబడియున్న గుప్పెడు ముక్కలను కలిపిన తరగతికి చాలును. లేనివారికి అగ్గిపెట్టెలున్నవి. మా చిన్నతనమున అగ్గిపెట్టెలను దారముతో గ్రుచ్చి రైలు లాగితిమి, తాటిబుర్రలతో బండి చేసితిమి. ఖాళీ అగ్గిపెట్టెలో ఇసుక పోసి, మూసి, కాగితమంటించిన మంచి యిటుక యగును; అతుకుమీద అతుకు పడరాదను నియమము దానికిని చెల్లును. డబ్బాతో వచ్చిన బొమ్మల పుస్తకమును పారవేయనక్కరలేదు. మొదటిసారి దానిని చూచియే కట్టనిండు, బిగింపు తెలియును. రెండవసారి దాచివేయుడు.

ఆటకు కాలము మితముగ నుండవలెనను తండ్రుల మాటతో నేను ఏకీభవింతును. వారమునకు రెండు సాయంకాలములు చాలును. వీనికి పోటీలు పెట్టి బహుమతులిత్తుమను పెద్దలతో మాత్రము ఏకీభవింపను. బహుమతి యన్నంతనే అర్ధరాత్రి తండ్రులు కట్టుదురు, ఉదయము పిల్లలు మోసికొని వత్తురు; మన ప్రదర్శనలలో ఇట్టివి కొన్ని చూచినాము. ఇటుకలు మగపిల్లల యాటవస్తువులని తలచువారుకూడ నున్నారు. వారొకసారి బొమ్మల కొలువు చూడవలెను. కొండ యెక్కడ, కొలను ఎక్కడ, అంగడి యెక్కడ, ఊరికి దారి యెటు అని యేండ్లతరబడి ఆలోచించి యమర్చుచున్నది ఆడవారే గదా. రైలు అందులోనికి క్రొత్తగా వచ్చిన చుట్టము.

వీలైనవారు ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని కాకినాడకో, రామచంద్రపురమునకో పోయి, టేపు పట్టుకొని స్టేషను బయటి కట్టడములను చూపుడు. చూరు ఎంత ముందుకు వచ్చినది, మెట్లు ఎన్ని, నీరు ఎటు పోవుచున్నది. పట్టాలమీదికి మాత్రము దిగనీయకుడు.

ఆ తండ్రిగారు మొన్న బడికి వచ్చిరి. పరీక్ష మార్కులు చూచుకొని, తరగతిగది మూలనున్న బల్లవద్ద చాలసేపు నిలిచిరి. తూములను వంగి చూచి, “ఇది మన కోరంగి పాయ వైపా?” అని యడిగిరి. కుమారుడు, “కాదు నాన్నా, ఇది గౌతమి వైపు. పాయ ఇటు” అని చూపెను. ఆయన జేబులోనుండి కలము తీసి, పాయ ఎచ్చట వంపు తిరుగునో కాగితముమీద గీసి సరిదిద్దిరి. ఆయన చెప్పినదే సరియైనది. మేము తప్పుగ వేసితిమి. గేటుగదిని ఇప్పుడు నాలుగు బుడిపెలు వెనుకకు జరుపవలసియున్నది.

పెద్ద పలకలో ‘యానా’ వరకు పూర్తియైనది. సున్నకు నల్లని బిళ్లలు చాలినవి గాని దాని చుట్టును నింపుటకు పసుపు బిళ్లలు తక్కువ పడినవి. ఒక్క బుడిపె గల చదునైన పసుపు ముక్కలు ఎవరి యింటనైన నున్నయెడల తెలుగు తరగతి గదికి పంపుడు. నారింజ రంగువి వలదు. ఒకమారు పెట్టి చూచితిమి, బాగుండలేదు.